దూతకి వదిలిన చోటు

2022 వేసవి. అప్పటికి తిరువూరులో ఓ చిన్న ఎముకల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మామిడి కోతలప్పుడు మా వార్డు ఖాళీ ఉండదు, ఎవరో ఒకరు చెట్టు మీంచి పడుతూనే ఉంటారు. మరియమ్మ మాత్రం చెట్టెక్కలేదు. గంపలగూడెం దగ్గర తోటలో కాయలు ఏరుతూ జారిపడింది. డెబ్బై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు.

అలాంటివాళ్లు పడిపోకుండా మంచానికి సైడ్ రెయిల్, అంటే పక్కనుండే ఇనుప కమ్మీ, ఎత్తి ఉంచాలి. మళ్లీ పడితే ఇక నడక మీద ఆశ వదులుకోవాల్సిందే. కుడిపక్క గోడ ఉంది కాబట్టి ఎడమ రెయిల్ ఎత్తి, ఆవిణ్ణి మధ్యలో పడుకోబెట్టి వెళ్లేదాన్ని. గంటలో వచ్చి చూస్తే ఎడమ అంచున ఉండేది. కమ్మీ గుచ్చుకుంటోందని తోడున్న కూతురిచేత దింపించేది. రెండు రోజులు ఇద్దరినీ తిట్టిపోశాను. మూడో రోజు విసుగొచ్చి అడిగాను.

"అంత మంచం ఉండగా అంచుకెందుకు జరుగుతావు మామ్మా?"

"కుడిపక్క నా కావలి దూతకి సిస్టరమ్మా. చిన్నప్పుడు బోర్డింగులో మదరమ్మ చెప్పింది, పక్కన కాస్త చోటొదిలి పడుకోండే అని. పెళ్లయ్యాక కూడా మానలా."

ఆవిడ కేథలిక్కు, నేను పుట్టింది ప్రొటెస్టెంటు ఇంట్లో. దేవదూతలను నమ్ముతాం కానీ, వాళ్లకి పక్క వెయ్యడం మాకు తెలీదు.

"రెక్కలున్నవాడికి మంచమెందుకు?" అని నవ్వేశాను. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నం కూతురు కేకేసింది. పరిగెత్తి వెళ్లేసరికి మరియమ్మ కాలు మంచం దిగి వేలాడుతోంది. నడుం పట్టుకుని ఆపాను. అదృష్టం, రాడ్ కదల్లేదు. నవ్వినందుకు సిగ్గేసింది.

మంచాన్ని గోడ నుంచి ఇవతలికి లాగి, రెండు పక్కలా రెయిల్ ఎత్తి, డ్రెస్సింగ్ రూములోని స్టూలు తుడిచి తెచ్చి కుడిపక్క వేశాను.

"ఆయన్ని ఇక్కడ కూర్చోమను మామ్మా. డ్యూటీలో ఉన్నోళ్లు పడుకోరుగా."

ఆవిడ స్టూలు వంక చూసింది, నా వంక చూసింది. "నిజమే. నువ్వు మాత్రం ఎక్కడ పడుకుంటున్నావు!" అని, నెమ్మదిగా మధ్యలోకి జరిగింది. తర్వాత ఎవరూ రెయిల్ దించలేదు.

డిశ్చార్జి రోజు వాకర్ పట్టుకుని గుమ్మందాకా తనే నడిచింది. నాకు కళ్లు తడిశాయి. అది చూపించడం ఇష్టంలేక స్టూలు తియ్యబోయాను.

"ఉండనియ్యి సిస్టరమ్మా. నా దూత నాతో వస్తాడు. నీ దూత ఇన్నాళ్లూ నీ ఎనకాల తిరిగి తిరిగి అలిసిపోయుంటాడు. కాసేపు కూర్చోనీ."

ఇప్పుడు రోగి మాట వినకపోతే తిట్టే ముందు ఎందుకో అడుగుతాను. జవాబు ఏదైనా నవ్వను. ఆ స్టూలు ఇంకా మా వార్డులోనే ఉంది. ఎంత కాళ్లు లాగినా నేను దాని మీద కూర్చోను.