గేటు నాటికలో ముసలమ్మ మాట

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక పాఠశాలలో, తెలుగు విభాగంలో టీజీటీని, అంటే పై తరగతుల ఉపాధ్యాయినిని. భద్రతా వారోత్సవానికి పిల్లల చేత నాటిక వేయించమని హెడ్‌మాస్టర్ నాకు పని అప్పగించారు. వేసిన గేటు కింద దూరి పట్టాలు దాటకూడదన్నది అందులోని నీతి. నాటిక వేసే సాయంత్రం ఆంధ్ర నుంచి భాషా పరిశీలకులు ఒకరు వస్తున్నారు. పిల్లలు తగ్గిపోతున్న మా విభాగం ఉండేదీ లేనిదీ ఆయన అభిప్రాయాన్ని బట్టి ఉంటుందని మాకు చెప్పారు.

నాటిక నేనే రాశాను, పుస్తకాల తెలుగులో. అదే ఊళ్లో మలంచా పేటలో, రైల్వే వర్క్‌షాప్ ఖలాసీ ఇంట పుట్టి, కష్టపడి నేర్చుకున్న తెలుగు అది. ఉద్యోగమంతా ఇంటి యాసను నాలుక మీదికి రానివ్వలేదు.

గోల్‌బజార్‌కు చేపల కోసం పరుగెత్తే ముసలమ్మ వేషం ఏడో తరగతి రమణిది. హాల్లో పిల్లల తల్లిదండ్రులు మర్యాద కోసం కూర్చున్నారు. గేటు దగ్గర రమణి మాట మరిచిపోయింది. "ఆలస్యమవుతున్నది, నేను వేచి ఉండలేను" అని తెర పక్కనుంచి అందించాను. ఆ పిల్ల నా వైపు చూసి, నడుం మీద చెయ్యి వేసి, వాళ్ల నాయనమ్మలా అంది:

"ఏటి బాబూ, గేటేసినావు? సేపలైపోతాయి. బేగి తియ్యి."

హాలంతా నవ్వింది. రమణి గేటు కింద దూరబోతుంటే వెనక వరసలో ఒక ముసలావిడ లేచి నిలబడింది. "ఎల్లకే గుంటా, బండొస్తంది" అంది. ఎవరూ నవ్వలేదు. అందరూ గేటు వైపే చూస్తున్నారు.

ఆవిడ మా అమ్మ.

ప్రదర్శన అయ్యాక పరిశీలకులు ఆవిడెవరని అడిగారు. "మా అమ్మ సార్" అన్నాను తలెత్తకుండా. ఆయన టీ తాగుతూ, పిల్లల భాష దిద్దమన్నారు. దిద్దుతానన్నాను.

టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఇంటికి వస్తుంటే అమ్మ అడిగింది: "నాను లేసినందుకు నీకు నామోషీ అయినాదేటి?"

నేను టోటో అతనికి దారి చెప్పాను.

"ఆ గుంట నిజంగానే పట్టాల మీదికెల్లిపోతందనుకున్నానే" అంది.

వర్క్‌షాప్ గేటు దగ్గర రెండో ప్రదర్శనకు నా మాటలు తీసేసి రమణి మాటలే ఉంచాను. హెడ్‌మాస్టర్ సందేహించారు గాని ఆపలేదు. షిఫ్టు దిగిన వాళ్లు సైకిళ్లు పట్టుకుని చివరిదాకా నిలబడి చూశారు. మా విభాగం మాత్రం నేను రిటైరైన తర్వాత మూతపడింది.

నీతి చెప్పే నాటిక చూసేవాళ్ల మాటలో ఉండాలన్నది ఉద్యోగం చివర్లో నాకు తెలిసింది. అంతకు ముందు తరగతిలో "ఏటి" అన్న ప్రతి పిల్లనూ లేచి నిలబడమన్నాను. వాళ్లకు నా వ్యాకరణం ఎంత వచ్చిందో చెప్పలేను. సిగ్గుపడటం మాత్రం బాగా వచ్చింది.