రెండో ట్యాంకులో పసుపు నీళ్ళు

ఆ జీపు మా షెడ్డు ముందు ఆగేసరికి నేను ఒక లారీ డ్రైవరు కాలరు పట్టుకుని ఉన్నాను. వాడు మా అన్నని దొంగ మెకానిక్ అన్నాడు. వాడి పెదవి అప్పటికే చిట్లింది, నా పిడికిలి రెండో దెబ్బకి లేచి ఉంది. జీపులోంచి భూములు కొలిచే సర్వే ఆఫీసు తెల్లదొర ఒకాయన దిగి, "ఇక్కడ మెకానిక్ ఎవరు?" అని అడిగాడు. అన్న లోపల్నుంచి వచ్చి, ముందు నా వీపు మీద ఒక్కటిచ్చి, ఆ తర్వాత దొరకి నమస్కారం పెట్టాడు.

మాది కార్తియే మిలితేర్, చెరకు తోటల దీవి నడుమ ఎత్తు మీదున్న ఊరు. ఏడాదిలో సగం రోజులు వాన, మిగతా సగం రోజులు పొగమంచు. మా నాన్న చెరకు బళ్ళు తోలేవాడు. ఎద్దుల్ని తోలిన కర్రతోనే మమ్మల్నీ పెంచాడు. ఆయన పోయాక ఆ బాధ్యత అన్న తీసుకున్నాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. చక్కెర మిల్లులో వెల్డింగు పని చేస్తూ, అమ్మని ఏదో అన్నాడని కూలీల మీద పెత్తనం చేసే ఒక సర్దారుని ఇనప చువ్వతో కొట్టాడు. ఆ తర్వాత ఏ ఎస్టేటూ అతన్ని గేటు దాటనివ్వలేదు. అందుకే ఈ రేకుల షెడ్డు. నేనా, ముక్కు మీద కోపం. దొరికినవాడితో దొరికినచోట కలబడేవాణ్ణి. ఇప్పుడు ముసలాణ్ణయ్యాను, చెయ్యి లేవదు, నోరు మాత్రం లేస్తుంది.

అవి దీవికి స్వతంత్రం వచ్చి జెండా మారబోయే ముందు రోజులు. రేడియో పెడితే పట్నంలో కొట్లాటల కబుర్లే, రోడ్డు మీద సైనికుల లారీలు. తెల్లవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు. మోకా ఊళ్ళో ఉండే ఈ సర్వే దొరా అంతే. అయితే ఆయన అందరిలా ఓడెక్కి ఊరు చేరే రకం కాదు. ఈ పాత డీజిల్ జీపుని ఓడలో అవతలి తీరాన ఉన్న మొంబాసా రేవు దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి అడవులూ ఎడారులూ దాటుకుంటూ తన దేశం దాకా నేల మీదే నడుపుకుంటూ వెళ్తాట్ట. పిచ్చి ముండాకొడుకు అనుకున్నాను. తర్వాత ఆయన ఇంకో మాట అన్నాడు. "దారిలో బండి బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ కావాలి. మీ ఇద్దరిలో ఒకణ్ణి తీసుకెళ్తాను. పని చూసి చెప్తాను."

అంతే, నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ళు వచ్చినా ఈ దీవి దాటి ఒక్క అడుగు వెయ్యలేదు నేను. ఎటు పోయినా గంటన్నరలో సముద్రం అడ్డొస్తుంది. అన్నకైతే ఇక్కడ దారులన్నీ మూసుకుపోయాయి. నాకు వెళ్ళాలని కోరిక, అతనికి వెళ్ళక తప్పని అవసరం. ఆ తేడా నాకు తెలుసు. తెలిసీ ఆ సీటు నాకే కావాలనుకున్నాను.

పని మొదలైంది. నాలుగు చక్రాలూ లాగే బండే, దిట్టమైనదే, కానీ ముసలిది. బరువు మోసే వెనక కమానుల్లో ఒక్కో పట్టీ అదనంగా వేశాం. పైన కోణం ఇనుముతో సామాన్ల చట్రం, ఇంజను కింద రాళ్ళు తగలకుండా దళసరి రేకు, ఇసకలో దిగబడితే చక్రాల కింద వేసుకోవడానికి చిల్లుల ఇనప పలకలు రెండు, వెనక పడుకోవడానికి ఒక బల్ల. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు రోజూ యుద్ధమే. కమాను పట్టీ బిగిస్తుంటే జాక్ జారిందని అన్న నా మీదికి సుత్తి విసిరాడు. నేను వంగాను కాబట్టి బతికాను. వెంటనే లేచి స్పానర్‌తో అతని మోచేతి మీద కొట్టాను. అతను నా తల పట్టుకుని బండి తలుపుకేసి గుద్దాడు. ముందు పన్ను ఒకటి ఊడి నా చేతిలో పడింది. అమ్మ గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "ఓరి మీ చేతులిరిగిపోనూ! నా కడుపున రాక్షసులు పుట్టార్రా!" అని ఇద్దరికీ చెరొకటి అంటించింది. సాయంత్రం ముగ్గురం ఒకే చోట కూచుని అన్నం తిన్నాం. మా ఇంట్లో అది మామూలే.

అన్నిటికంటే పెద్ద పని రెండో ట్యాంకు. ఎడారిలో డీజిల్ దొరకదు కదా. మిల్లులో పారేసిన మందపాటి డ్రమ్ము తెచ్చి, కోసి, మలిచి, అన్న మూడు రోజులు కూచుని వెల్డింగ్ చేశాడు. మొదటి ట్యాంకు అయిపోతే చిన్న కుళాయి తిప్పి దీనికి మార్చుకోవచ్చు. మూత బిగిస్తూ నా చెవి మెలేసి చెప్పాడు. "ఒరే, డీజిల్ బండికి నీళ్ళు విషంరా. లోపల గుక్కెడు నీళ్ళున్నా ఇంజనుకి డీజిల్ కొట్టే పంపు చస్తుంది. రేపు దొరతో సముద్రం ఒడ్డున మహేబోర్గ్ దాకా వెళ్ళి చూడాలి. దీని జోలికి వెళ్ళావో, తోలు తీస్తా."

అమ్మకి ఈ సంగతులేం పడతాయి? ఆమె తాత సముద్రం దాటి చెరకు కొట్టడానికొచ్చి, మళ్ళీ తన ఊరు చూడకుండానే పోయాడు. అందుకని నీళ్ళు దాటే ఏ వస్తువుకైనా పసుపు నీళ్ళు పడాల్సిందే. పెట్టెకీ అంతే, మనిషికీ అంతే. పైపైన చల్లితే చాలదు, లోపల కూడా. ఆ సాయంత్రం అన్న స్నానానికి వెళ్ళినప్పుడు, అమ్మోరికి పెట్టిన పసుపు నీళ్ళ చెంబు తెచ్చి నాకిచ్చింది. వేపాకు తీసేసి, "ఎవరి చేత్తో పడితే వాణ్ణి అమ్మోరు తీసుకెళ్ళి మళ్ళీ నా దగ్గరికి తెస్తుంది. మీ అన్న వచ్చాక పోయమను," అంది.

అన్న వచ్చేదాకా నేను ఆగలేదు. ట్యాంకు మూత విప్పి చెంబు మొత్తం లోపల పోశాను. అమ్మోరు నన్నే తీసుకెళ్ళాలి! తర్వాత గొట్టం పెట్టి లాగి, గుడ్డ దూర్చి తుడిచాను. చాలావరకు వచ్చేసింది. వచ్చేసిందనే అనుకున్నాను. ఆ తేమలో మా ఊళ్ళో ఉతికిన చొక్కాయే మూడు రోజులు ఆరదు, ట్యాంకు మూల ఎలా ఆరుతుంది? పొద్దున డీజిల్ పోసేముందు అన్న అడిగాడు. "లోపల పొడిగా ఉందిరా?"

"చెరకు పిప్పిలా ఉంది," అన్నాను.

బరువు కోసం ఇసక బస్తాలు నింపి, దొర పక్కన కూచోగా అన్న నడిపాడు. నేను వెనక. మహేబోర్గ్ దాకా ముసలి బండి గుర్రంలా పోయింది. సముద్రం దగ్గర దొర హుషారుగా, "ఇప్పుడు రెండో ట్యాంకు," అన్నాడు. అన్న కుళాయి తిప్పాడు. తిరుగు దారిలో ఎత్తు మొదలయ్యేసరికి ఇంజను దగ్గింది. రెండుసార్లు ఎగిరి, చెరకు తోటల మధ్య ఆగిపోయింది.

అన్న కిందికి వంగి, ఫిల్టరు కింద ఉండే గాజు గిన్నె విప్పి ఎండకి ఎత్తాడు. డీజిల్ అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున పసుపుపచ్చటి మడ్డి. వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ చూపు ముందు నేను కళ్ళు దించేశాను.

"ఏమిటది?" అన్నాడు దొర.

"తుప్పు. డ్రమ్ము లోపల నేను సరిగ్గా కడగలేదు. తప్పు నాదే," అన్నాడు అన్న.

దొర తిట్టలేదు. వంగి ఉన్నవాణ్ణి బూటు కాలితో డొక్కలో తన్నాడు. అన్న పక్కకి పడ్డాడు. లేవబోతుంటే ఇంకోసారి తన్నాడు, అదే చోట. చప్పుడు నాకు వినిపించింది. అన్న చేతిలో పెద్ద రెంచి ఉంది. ఆ చెయ్యి బిగుసుకుంది. సర్దారుని కొట్టిన చెయ్యి అది. అయిపోయాడు దొర అనుకున్నాను. కానీ అన్న రెంచిని మెల్లగా కింద పెట్టి, గాజు గిన్నె తుడవడం మొదలుపెట్టాడు.

"ఎడారిలో ఇలా ఆగితే నేను చచ్చిపోతాను," అన్నాడు దొర. "నువ్వొద్దు. నీ తమ్ముడొస్తాడు."

అన్న మొదటి ట్యాంకుకి మార్చి, గొట్టాల్లో గాలి తీసి బండి కదిలిస్తే నేను వెనకెక్కి కూచున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఇంటిదాకా లోపల సంతోషించాను.

జీపుని షెడ్డులోనే వదిలి దొర వెళ్ళగానే అన్న నన్ను షెడ్డు వెనక్కి ఈడ్చుకెళ్ళి పాత ఫ్యాన్ బెల్టు అందుకున్నాడు. అంతకుముందు తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ రోజువి ఒక ఎత్తు. వీపు చిట్లింది, కన్ను మూసుకుపోయింది. అమ్మ అడ్డం పడితే ఆమెని కూడా తోసేశాడు. చివరికి డొక్క పట్టుకుని తనే కూలబడ్డాడు. రొప్పుతూ అన్నాడు. "తెల్లోడి ముందు నిన్ను దోషిని చెయ్యలేకపోయాన్రా. అమ్మ పసుపు నీళ్ళని వాడి నోట్లో నవ్వులపాలు చెయ్యలేకపోయాను. ఇద్దరిలో ఒకడైనా ఇక్కణ్ణుంచి బయటపడాలి. వెళ్ళు. రేపట్నుంచి పంపు పని నేర్పుతాను."

నేర్పాడు. రెండు వారాలు కళ్ళకి గుడ్డ కట్టి పంపు విప్పించి, మళ్ళీ బిగింపించాడు. గొట్టాల్లో గాలి తీయడం తప్పితే వేళ్ళ మీద కొట్టేవాడు. ట్యాంకు మళ్ళీ విప్పి, నిప్పుల మీద కాచి ఆరబెట్టాడు. వంగినప్పుడల్లా ఎడమ చెయ్యి డొక్క మీదికి పోయేది. దగ్గు వస్తే గోడ పట్టుకునేవాడు. పక్కటెముక విరిగిందని తెలుస్తూనే ఉంది. అది చూస్తుంటే నాకు అన్నం దిగేది కాదు. ఆ సీటు అన్నదే. నేను నిజం చెప్తే దొర అన్ననే తీసుకెళ్తాడు. నా బుర్రకి అంతవరకే తోచింది.

అన్నతో ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కి మోకా వెళ్ళాను. దొర వరండాలో పెట్టెలు కట్టిస్తున్నాడు. అంతా చెప్పేశాను: పసుపు, చెంబు, నేనాడిన అబద్ధం, అన్న మీదేసుకున్న తప్పు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు ట్యాంకులో నీళ్ళు పోసినవాడివి," అన్నాడు. "నీ అన్న దానికి అబద్ధమాడినవాడు. మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మి ఎడారి దాటమంటావు?"

కాళ్ళ మీద పడ్డాను. నన్ను తన్నమని కూడా అన్నాను. నౌకరు వచ్చి భుజం పట్టుకుని గేటు బయట వదిలాడు.

మర్నాడు ఎవరో కొత్త డ్రైవరు వచ్చి జీపు తీసుకెళ్ళాడు. అన్నకి ఏమీ అర్థం కాలేదు. "నిన్ను ఎక్కించుకోకుండా పోతున్నాడేట్రా?" అంటూ రోడ్డు దాకా వెళ్ళి నిలబడ్డాడు. తిరిగొచ్చాక చెప్పాను. ఎక్కడికి వెళ్ళానో, ఏం చెప్పానో, దొర ఏమన్నాడో, ఒక్క ముక్క దాచలేదు.

అన్న ఖాళీ అయిన షెడ్డులోకి వెళ్ళి, జీపు నిలిచినచోట పడున్న స్పానర్లు ఏరాడు. ఫ్యాన్ బెల్టు అక్కడే మేకుకి వేలాడుతోంది. నేనే తీసి అతని చేతికిచ్చాను. "కొట్టన్నా," అన్నాను. పట్టుకోలేదు, కింద పడింది. అతని చెయ్యి తీసుకుని నా చెంపకేసి కొట్టుకున్నాను. ఆ చేతిలో బలమే లేదు. "కొట్టరా! చంపు నన్ను!" అని ఏడుస్తూ అరిచాను. అన్న చెయ్యి వెనక్కి లాక్కుని, "మొహం కడుక్కో. అమ్మ చూస్తే భయపడుతుంది," అని లోపలికి వెళ్ళిపోయాడు.

జెండా మారింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అదే షెడ్డులో పక్కపక్కనే పనిచేశాం. అన్న మళ్ళీ నా మీద చెయ్యెత్తలేదు.