అమ్మకు పడని పాలు

పొద్దున్న పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసనకు గోపాలపట్నంలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్ళలోనూ ఉండేవి కదా, అంచు సొట్టపడిన ఆ పెద్ద స్టీలు గ్లాసులు, పైన తేలే మీగడ?

నాయనమ్మ రోజూ గ్లాసు నిండా ఆవుపాలు తాగి హాయిగా నిద్రపోయేది. అమ్మ తాగితే మాత్రం కడుపు ఉబ్బి, మెలిపెట్టేసేది.

"ఏటే ఆ ఏసాలు? పాలు తాగకపోతే బలమెక్కడ్నుంచి వత్తాది?" అనేది నాయనమ్మ.

చివరికి డాక్టరమ్మ చెప్పింది. "పెద్దయ్యాక కొంతమందికి పాలు అరగవమ్మా. పడినోళ్ళు తాగొచ్చు. నీకు పెరుగు పడితే అదే తిను."

అమ్మ పాలు మానేసింది. నాయనమ్మ అమ్మతో మాటలు మానేసింది.

ఆ ఏడాదే కాలనీలో ఆడవాళ్ళకు తాడులాగుడు పోటీ పెట్టారు. పెరుగన్నం తిని వెళ్ళిన అమ్మ తన జట్టులో అందరికన్నా చివర నిలబడింది. అవతలివాళ్ళు ఎంత లాగినా కదల్లేదు. మెల్లగా వెనక్కి అడుగులు వేస్తూ వాళ్ళందర్నీ గీత దాటించింది.

నాయనమ్మ జనాన్ని తోసుకొచ్చి, కందిపోయిన అమ్మ అరచేతులు పట్టుకుంది. "ఇంత బలం ఎక్కడ దాసినావే?"

"పెరుగు గిన్నెలో అత్తా."

ఆ సాయంత్రం నాయనమ్మ తను తాగేన్ని పాలు తీసుకుని, మిగిలినవన్నీ కోడలి కోసం తనే తోడు పెట్టింది.