నీళ్ళకు దిగిన పిట్టలు

ఈ ఉదయం ఐర్లండ్‌లో మా స్లైగో ఊరి పక్కన పైన్ అడవిలో నడుస్తుంటే జాకెట్ టోపీ మీద టపటపమని ఏదో రాలింది. వాన కాదు, పైన్ కాయల పొట్టు. పైన క్రాస్‌బిల్ పిట్టలు మేస్తున్నాయని తల ఎత్తకుండానే తెలిసింది. అలా తెలుసుకోవడం నేర్పినది సత్యవతి మేడం. చుట్టూ ఎవరూ లేరు కదా, కాసేపు అక్కడే నిలబడి ఏడ్చాను.

ఆవిడది భీమవరం. ఇక్కడి ఐసీయూలో పెద్ద డాక్టరు. నేను ఆవిడ చేతికింద డాక్టరుగా కొత్తగా చేరినదాన్ని. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న ఆ కోవిడ్ చలికాలంలో, డ్యూటీ దిగగానే నన్ను ఈ అడవికి లాక్కొచ్చేవారు. ఎడంగా నిలబడి, మాస్కులోంచే పాఠం. "పైకి చూస్తే మెడనొప్పి తప్ప ఏం రాదమ్మాయ్. ముందు కింద చూడు. పొట్టు రాలుతోందా? అయితే పైనున్నాయన్నమాట." కత్తెరలా కొనలు ఒకదాన్నొకటి దాటిన ముక్కుతో ఆ ఎర్రటి పిట్టలు కాయ రేకులు విడదీసి గింజ లాగుతాయి. ఎండు గింజలు తిని తిని, దాహమేసి నీళ్ళకు దిగుతాయట. అది చూడాలని ఆవిడకు తెగ ఆశ. దారిలోని నీటిగుంట దగ్గర ఎన్నిసార్లు కాపు కాశామో! ఒక్కసారీ దిగలేదు. "మాస్కులున్నా మన మొహాలు నచ్చలేదే వీటికి," అని నవ్వేవారు.

వార్డులో ఆవిడకో అలవాటు ఉండేది. వెంటిలేటర్ మీద మత్తులో ఉన్నవాళ్ళ చెవి దగ్గర వంగి, వాన తగ్గిందనీ, కొండ కనబడుతోందనీ కబుర్లు చెప్పేవారు. అవతల పని కుప్పలుగా ఉంటే ఇదేమిటని నాకు చిరాకు.

"వాళ్ళకి వినబడుతుందా మేడం?" అని అడిగేశాను ఒకరోజు.

"వినబడదని నీకెవరు చెప్పారు? ఇంటివాళ్ళని రానివ్వట్లేదు కదా. బయట ఏవవుతోందో ఎవరో ఒకరు చెప్పద్దూ?"

చలికాలం చివర్లో ఆవిడకే వచ్చింది కోవిడ్. మా వార్డులోనే, ఆక్సిజన్ మాస్కు కింద. పెదాలు ఎండిపోతుంటే తడి దూది అద్దాను. డ్యూటీ అయినా కదలబుద్ధి కాలేదు.

"ఇక్కడ నిలబడి ఏం చేస్తావ్?" అన్నారు ఆయాసపడుతూ. "వాటికీ దాహమేస్తుంటుంది. చూసొచ్చి నాకు చెప్పు."

వెళ్ళాను. ఆ రోజే దిగాయి. ఎర్రటి మగవీ ఆకుపచ్చటి ఆడవీ గుంట అంచున వాలి, ముక్కులు ముంచి, తలలెత్తి తాగాయి. పరుగున తిరిగి వచ్చేసరికి ఆవిడ గొంతులో గొట్టం వేసేశారు, మత్తులో ఉన్నారు. గౌనూ మాస్కూ తొడుక్కుని చెవి దగ్గర వంగాను. "మేడం, దిగాయండీ. కడుపునిండా తాగాయి," అన్నాను. నా చేతిలో ఆవిడ చెయ్యి కదల్లేదు. వారం తిరక్కముందే పోయారు.

ఇప్పుడు మత్తులో ఉన్న ప్రతివాళ్ళకీ నేను బయటి సంగతులు చెబుతాను. కొత్త డాక్టర్లు మొహమొహాలు చూసుకుంటారు. వినబడుతుందా అని అడిగితే మేడం అన్న మాటే అంటాను. ఆ మాట నిజం కావడం అందరికంటే నాకే ఎక్కువ అవసరం.