కాలేయం చూసి చెప్పిన తీర్పు

మా బావ మాంసం కొట్టు నడిపేవాడు. వీధిలో అందరూ ఆయన్ని గండ్రగొడ్డలి అనేవాళ్ళు. ఆయన మొద్దు మీద కత్తి వేస్తే పక్కవీధిలో కోళ్ళు హడలిపోయి రెండేసి గుడ్లు పెట్టేవి; నమ్మకపోతే కోళ్ళనే అడగండి. తొమ్మిదో తరగతికి దండం పెట్టి ఆ కొట్లోనే చేరినవాణ్ణి, నాకు తెలియదా!

ఆ యేడు ఆయన మనిషి మనిషిలా లేడు. నలుగురి తిండి తింటూ పుల్లలా చిక్కిపోయాడు. చేతులు వణికేవి, చెమటలు కారేవి, కళ్ళు పొడుచుకొచ్చాయి. ఎముక సరిగ్గా తెగలేదన్నవాణ్ణి జుట్టు పట్టి లాగి మొహాన్ని మొద్దుకేసి కొట్టాడు. పన్ను ఊడి తక్కెడలో పడింది. దాన్నీ తూచాడంటారు, అబద్ధం, నేనే తీసేశాను. ఇంట్లో కూర చల్లారిందని విసిరిన కత్తి మా అక్క చెవి కోసుకుంటూ వెళ్ళి తలుపులో దిగింది.

అక్క చెవికి గుడ్డ అదుముకుంది. "ఇంకొక్కసారి చెయ్యి లేచిందా, పిల్లల్ని తీసుకుని పోతా. మళ్ళీ నా మొహం చూడవు."

ఆ వారమే ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. మా పనిలో జంతువు పొట్ట చీల్చగానే కాలేయం చూస్తాం. రంగు మారితే మాంసం పారేస్తాం. గొంతుగొట్టానికి అంటుకున్న గ్రంథినైతే చూడకుండానే కోసి కుక్కలకు విసిరేస్తాం.

"పచ్చ కళ్ళంటే చెడిన కాలేయం. చెడిన కాలేయమంటే సారా," అన్నాడు మా నాన్న. "సీసా ఎక్కడ దాచావురా?"

"తాగితే కదా మామా, దాచడానికి!"

నాన్న, బాబాయి, నేను కలిసి ఆయన్ని కొట్టు స్తంభానికి కట్టాం. బాబాయి బెల్టుతో బాదాడు. చొక్కా చిరిగింది, చర్మం చిరిగింది, సీసా మాత్రం దొరకలేదు. బావ తలతో ఒక్క పోటు పొడిస్తే బాబాయి ముక్కు పగిలింది.

"ఒరే బామ్మర్దీ, విప్పరా! విప్పితే నిన్ను సగం చంపి వదిలేస్తా!"

నేను వీరుణ్ణే గానీ వెర్రివాణ్ణి కాను. విప్పలేదు. ఉన్నట్టుండి ఆయన తల వాలిపోయింది. గుండె మాత్రం పక్కటెముకలు విరిచి బయటికి దూకేలా కొట్టుకుంటోంది. అక్కే వచ్చి తాడు కోసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ కళ్ళు చూసి, వేళ్ళు మెడ మీద పెట్టింది.

"ఈ వాపు ఎప్పట్నుంచి?"

"కాలర్ బిగుతయిందన్నాడమ్మా... కొత్త చొక్కా కుట్టించాం," అంది అక్క.

మేం చూడకుండా కుక్కలకు విసిరే ఆ గొంతు గ్రంథే థైరాయిడట; బావకది అదుపు తప్పి రసం కుమ్మరిస్తోందట. ఆ రసాన్ని ఒంటికి పనికొచ్చేలా మార్చేదీ, మిగిలింది బయటికి పంపేదీ చాలావరకు కాలేయమే. రసం మితిమీరితే కాలేయం దెబ్బతింటుంది. కాలేయం నలిగితే రసం లెక్కా తప్పుతుంది.

"రెండూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. మధ్యలో మీరు బెల్టు తెచ్చారు," అంది డాక్టరమ్మ. "మందిస్తా. అదీ ఒక్కోసారి కాలేయాన్నే కొడుతుంది. రక్తపరీక్షలు మానారో, మళ్ళీ ఇక్కడికే."

నాన్న పరీక్షల చీటీ అందుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నెలలు గడిచాక పచ్చదనం పోయింది, వణుకు తగ్గింది. బావ కొట్టులోకి వచ్చి కత్తికోసం చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు.

"విసిరింది నేను కాదే, రోగం."

"చెవి మాత్రం నాది కదయ్యా. ముక్కలు నేను కొడతా, నువ్వు పొట్లాలు కట్టు. ఉంటానో పోతానో ఏ రోజుకారోజు చెప్తా."

బావ దారపుండ అందుకున్నాడు.