బెల్లం అడిగిన నోరు

ఆ రోజు మా ఇంట్లో అమ్మవారి పూజ, నాకు ఉపవాసం. షుగరు మాత్ర మాత్రం పొద్దున్నే మానకుండా వేసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

హారతి వేళకి ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది. దేవుడి గది గుమ్మం ఓ పక్కకి ఒరిగిపోయింది. అత్తని పిలవబోతే నాలుక మడత పడిపోయింది. నిలబడలేక ఊగుతున్నాను, జుట్టు ముడి ఊడిపోయింది.

"అమ్మోరు పూనిందర్రా!" అని అత్త కేక పెట్టింది.

అంతే, పేరంటాళ్లంతా మూగేశారు. కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు. చేతిలో వేపమండ పెట్టారు. ఎదురింటావిడ నా కాళ్లు గట్టిగా పట్టేసుకుని, "మా బాబుకి ఉజ్జోగం వత్తాదా తల్లీ? సెప్పమ్మా!" అంటోంది. ఓరి దేవుడో, ఇక్కడ నా ప్రాణం పోతుంటే నీ కొడుకు ఉద్యోగమేమిటే అని అరవాలని ఉంది. మాట పెగలడం లేదు. ఇంతమంది మధ్య, ఇంతమంది దణ్ణాలు పెడుతుండగా చచ్చిపోతానని హడలిపోయాను.

ఎదురుగా పళ్లెంలో నైవేద్యం బెల్లం కనిపిస్తోంది. అనకాపల్లిలో పుట్టి బెల్లం ముక్క అందక పోతానా? చెయ్యి లేవలేదు. ఉన్న ఓపికంతా కూడదీసుకుని "బెల్లం" అన్నాను. ఆ బొంగురు గొంతు నాదిలా లేదు.

"తల్లి బెల్లం అడిగినాది!" అంటూ అత్త పరుగున వచ్చి నోట్లో పెట్టింది. మళ్లీ పెట్టింది. కాసేపటికి మనుషుల మొహాలు తెలిశాయి.

మర్నాడు డాక్టరమ్మ, "బాగా గిడ్డీగా అనిపించిందా?" అని అడిగి, తిండి లేకుండా మాత్ర వేసుకున్నందుకు చీవాట్లు పెట్టింది. ఒంట్లో షుగరు బాగా పడిపోయిందట, ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ పోయేదట.

ఇంటికొచ్చి ఫోన్లో ఆ గిడ్డీ అన్న మాట వెతికాను. కళ్లు తిరగడం అని ఉంది. సంబరంతో ఒళ్లు తెలియకపోవడం, నిలకడ లేకపోవడం అని కూడా ఉంది. పూర్వం ఇంగ్లీషువాళ్లు పిచ్చిపట్టిన మనిషిని అలా అనేవారట. ఇంకా మొదటికి వెళితే, దేవుడు పూనిన మనిషి అని అర్థమట. అయితే అక్కడా ఏ అత్తో కేక పెట్టే ఉంటుంది! నవ్వొచ్చింది గానీ, వెంటనే ఒళ్లు జలదరించింది. ఆ పూనినవాళ్లలో ఎంతమంది తిండి అడగలేకపోయారో!

వంటింట్లో అత్త చింతపండు పిసుకుతోంది.

"అమ్మోరు అడిగిందనే పెట్టేవు గదా అత్తా. నేనే అడిగుంటే?"

"ఏటే ఆ మాట? నైవేద్యం అవకుండా నీకెలా పెడతానే? ఆగమందును" అంది, మామూలుగానే.

ఆ రోజు నుంచి కొంగున బెల్లం ముక్క ముడేసుకుని తిరుగుతున్నాను. ఎవర్నీ అడగను.