పానమున్న మోటరు

రాష్ట్రం వచ్చిందని మొన్ననే వీధంతా లడ్డూలు పంచిన మా ఎదురింటి అక్క నిన్న తెల్లవారుజామున ఉప్పల్ దవాఖానాలో కన్నుమూసింది. నాచారంలో మా వీధిలో ఎవరి మోటరు మొండికేసినా ముందు ఆవిడే ప్రత్యక్షం. రిపేర్లేం తెలియవు. రోజూ బోరు మోటరు వేసి వేసి చెవి మాత్రం పదునెక్కింది.

అప్పట్లో సబ్బునీళ్ళకు నా చేతులు పగిలి నెత్తురు వస్తుంటే మావారు డిష్‌వాషర్ కొన్నారు. "మన మాడు మూకుళ్ళు మిషన్లు తోముతాయా?" అని మా అత్తగారు మూతి విరిచారు. ఆవిడది గోదావరి జిల్లా. కొన్నాళ్ళకే అడుగున నీళ్ళు నిలిచిపోయాయి. నీళ్ళు బయటికి నెట్టే మోటరు పోయి ఉంటుందని మెకానిక్కు ఫోన్లోనే తేల్చేశాడు. "అమ్మి పారేయండి," అన్నారు అత్తగారు. మళ్ళీ ఆ సింకు దగ్గరికేనా అని నాకు ఏడుపొచ్చింది.

అక్క వచ్చింది. ముందు కరెంటు తక్కువుందంది. ప్లగ్గు మార్చినా లాభం లేదు. అప్పుడు నేల మీద చతికిలబడి మిషనుకు చెవి ఆనించింది.

"జర సప్పుడు జెయ్యకుండ్రి. ఇనవడుతున్నదా? గుయ్యిమంటుంది గని తిరుగుతలేదు. సచ్చినది మూలుగదే! దీనికి పానమున్నది. గొంతుల ఏదో ఇరికింది."

"పానం కాదమ్మా, ప్రాణం," సరిదిద్దారు అత్తగారు.

"ఏదైతేంది పెద్దమ్మా, ఉన్నదా లేదా?"

ప్లగ్గు పీకి, గరిటెతో నీళ్ళు తోడేశాం. అడుగున జల్లెడ సరిగ్గా బిగించి లేదు. దాన్ని తీసి లోపల చెయ్యి పెడితే, మోటరు చక్రానికి అడ్డంగా నల్లటి చింతగింజ!

అందరం అత్తగారి వైపు చూశాం. పూజ చెంబును చింతపండుతో రుద్ది, పిప్పితో సహా ఎవరూ చూడకుండా మిషన్లో పెట్టేశారన్నమాట.

"పెద్దమ్మా, మీరు గూడ దీంట్లనే కడుగుతున్నరా? మస్తు మంచి పని!" అంది అక్క. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేశారు. ఆ ఒక్క మాటతో అత్తగారి పరువు నిలిపింది, నా మిషన్నీ ఇంట్లో నిలిపింది.

స్విచ్చి వేశాం. నీళ్ళు బుడబుడమంటూ వెళ్ళిపోయాయి. "గెల్సినం!" అంటూ అక్క గరిటె పైకెత్తి, ఆ కేక మల్లాపూర్ దాకా వినబడేలా అరిచింది. మళ్ళీ అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు. నా చేతులు మానాయి. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ చేతులతోనే.

నిన్న శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేశాక, అత్తగారు తన చెంబును శుభ్రంగా కడిగి మరీ మిషన్లో పెట్టారు. పక్కనే కూర్చున్నారు. నీళ్ళు పోయే వేళకు మమ్మల్ని మాట్లాడొద్దని చెయ్యెత్తి, మిషనుకు చెవి ఆనించారు.

బుడబుడమంది.

"పానమున్నది," అన్నారు.